మేనత్త

ఆరో నెల, పన్నెండు

తమ్ముణ్ణి తెచ్చారు.

తెచ్చారని రాయకూడదు. మనవాళ్ళెవరూ తేలేదు. తెల్లవారేసరికి కొండ కింద మొదటి మెట్టు మీద ఉన్నాడు. పెట్టిపోయింది నది మీది ఇనుపకొక్కెం తెగవాళ్ళు. ఒళ్ళు కడిగారు, తల దువ్వి ముడి వేశారు, కొత్త తెల్లబట్ట చుట్టారు. ఉప్పు పడవ గొడవ తేల్చుకోడానికి నిన్న మనవాళ్ళు పులిమూతి రేవుకి వెళ్ళారు. తమ్ముడు రూయ్ తప్ప అందరూ తిరిగొచ్చారు. చంపిన చేతులతోనే కడిగి, దువ్వి, పడుకోబెట్టి పోయారు. చచ్చినవాణ్ణి కూడా మైలపరచకుండా వదల్లేదు.

బట్ట విప్పవద్దని మఠాధిపతి కాంగ్ గురువుగారు చెప్పారు. చేపకంపు చేతులు తాకిన శరీరం తెల్లకొంగ మఠం గడప దాటకూడదు. కొండ వాలులో దేవదారు చెట్ల కింద గుంట తీశారు. మొహం ఒక్కటే చూశాను. గాయం చూడలేదు. లువో అన్నయ్య పక్కనే ఉన్నాడు. రేవు పెద్ద పాంగ్ అనే ముసలివాడి కొక్కేనికి పోయాడని ఆయనే చెప్పాడు. ఆయన మా అందరిలోకీ పెద్ద శిష్యుడు, రూయ్ చేతికి మొదటి కత్తి ఇచ్చినవాడు. ఆయన చూశాక ఇక నేను చూడాల్సిన పనేముంది.

ఆరో నెల, పదమూడు

వాన.

ఆరో నెల, పదిహేను

కళ్ళు మూస్తే చిన్నప్పటి రూయే కనిపిస్తున్నాడు. వరద వచ్చిన ఏడు అమ్మానాన్నల పడవ మునిగింది. ఇనుపకొక్కెం వాళ్ళే ముంచారని అందరూ అన్నారు. ముంచకపోతే, నది మీదే పుట్టి నది మీదే బతికేవాళ్ళు మునిగే మనిషికి ఒక్క కొక్కెం అందించలేకపోయారా? అప్పటికి వాడికింకా మాటలు సరిగ్గా రాలేదు. వీపున కట్టుకుని ఈ కొండ ఎక్కాను. మఠం మా ఇద్దరికీ అన్నం పెట్టింది. కత్తి ఇచ్చింది.

వాడికి అక్షరం నేర్పాను, అడుగు వెయ్యడం నేర్పాను. అన్నిటికన్నా ముందు ఎవరిని నమ్మకూడదో నేర్పాను. ఒకసారి సంతలో దాహమేసి కొక్కెం వాళ్ళ ఆడమనిషి దగ్గర నీళ్ళు తాగాడు. తీసుకొచ్చి ఉప్పుతో నోరు తోమాను, చిగుళ్ళు నెత్తురొచ్చేదాకా. ఏడ్చాడు. పిల్లవాడి మేలు కోరేవాళ్ళు ఎవరైనా ఆ పనే చేస్తారు. ఆ తర్వాత వాడు వాళ్ళ గిన్నె ముట్టలేదు.

ఆరో నెల, పద్ధెనిమిది

సభ జరిగింది. పగ తీర్చే హక్కు నెత్తురు బంధువుది. రూయ్‌కి నేను తప్ప ఎవరూ లేరు. గురువుగారు అడగ్గానే ఒప్పుకున్నాను. మారువేషంలో వెళ్ళాలి, ఎదురెదురుగా నిలబడి పేరు చెప్పి చంపాలి, చెప్పకుండా చంపితే దొంగతనం.

అందరూ తలలూపారు. లువో అన్నయ్య మాత్రం లేచి, "నువ్వు వెళ్ళకు చెల్లెమ్మా" అన్నాడు. ఎందుకని గురువుగారు అడిగితే తల దించుకుని కూచున్నాడు. నా కత్తి మీద ఆయనకి అంత చిన్నచూపని ఇన్నేళ్ళూ తెలీలేదు.

ఆరో నెల, ఇరవై రెండు

అన్నయ్య గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నడుముకి కత్తి లేదు. సానకిచ్చానన్నాడు. సారా వాసన వేస్తోంది. ఏదో చెప్పబోయి, "రూయ్ మంచి కుర్రాడు" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

తన శిష్యుడి కోసం ఎంత కుమిలిపోతున్నాడో. సభలో ఆయన మీద కోపం తెచ్చుకున్నందుకు సిగ్గుపడ్డాను.

ఏడో నెల, ఆరు

పులిమూతి రేవు. పేరు తావో అని చెప్పుకున్నాను. ఎగువ ఊళ్ళో మొగుడు మునిగిపోయాడు, తెరచాపలు కుట్టి పొట్ట పోసుకుంటాను. ఇదీ నా కథ. పొట్టికత్తి పాత తెరచాప గుడ్డలో చుట్టి మూటలో ఉంది. ఈ కాగితాలూ అందులోనే. ఇక్కడ చదువొచ్చినవాళ్ళు లేరు.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగాను. కొట్టువాడు అంచు విరిగిన గిన్నెలో పోసి, చేతికివ్వకుండా బల్ల చివర పెట్టి వెదురుపుల్లతో నా వైపు నెట్టాడు. ఆ కొట్టులో ఎన్నోసార్లు కూచున్నాను, మంచి గిన్నెలో తాగాను. విరిగినవి ఎవరికోసం ఉంచుతాడో తెలుసు. నేను వాళ్ళదాన్ని కాదని అరవబోయి ఆగాను. వేషం బాగా కుదిరిందన్నమాట. అందులో బాధపడడానికేం లేదు.

రేవులో మొట్టమొదట ఎదురైంది వాడే. పాంగ్. పొట్టి మనిషి, ఎండలో నల్లబడ్డ మొహం, ఎడమచేతికి కట్టు. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. వల్లించుకున్న అబద్ధం సగం కూడా పూర్తి కాకముందే, "ఏమన్నా తిన్నావా?" అన్నాడు. లేదన్నాను.

"అయితే మిగతాది తిన్నాక చెప్పు. ఆకలి మీద చెప్పుకుంటే కష్టం రెండింతలవుద్ది."

చేప పులుసూ అన్నం పెట్టారు. వాళ్ళు కొత్తవాళ్ళకి విషం పెడతారని పుట్టినప్పటినుంచీ వింటున్నాను. తినకపోతే అనుమానిస్తారు. తిన్నాను. ఇంతవరకూ ఏమీ కాలేదు. కొన్ని విషాలు నెమ్మదిగా ఎక్కుతాయంటారు.

ఏడో నెల, ఏడు

ఏమీ కాలేదు.

ఏడో నెల, తొమ్మిది

పాంగ్ ఇంట్లోనే చోటిచ్చారు. ఇంకా మంచిది. ఇంట్లో వాడు, వాడి కూతురు లియాన్. కూతురు తెల్లబట్టల్లో ఉంది. మొగుడు పోయి ఎన్నాళ్ళో కాలేదట. కడుపుతో ఉంది. ఇక్కడ చచ్చిపోయినవాళ్ళ పేరు నూరు రోజుల దాకా పలకరు, పలికితే వాళ్ళు నది దాటలేరట. కొత్త మనిషిని గనక నేనూ అడగలేదు.

అన్నాల దగ్గర నాలుగో గిన్నె పెట్టింది, మొగుడి కోసం. దాని మీద పడ్డ కొత్తిమీర ఆకుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో ఏరి తన గిన్నెలో వేసుకుంది. "ఆయనకి గిట్టదు" అంది నాతో.

కొత్తిమీర గిట్టనివాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు.

ఏడో నెల, పదమూడు

ఆడవాళ్ళతో కలిసి తెరచాపలు కుడుతున్నాను. హే పిన్ని అనే ముసలామె నోటికి తాళం లేదు. కొంగ ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుందో తెలుసా అని నన్నే అడిగింది. తెలీదన్నాను.

"రెండో కాలు ఎవరి మెడ మీదో ఉంటుంది గనక."

అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగోదని నేనూ నవ్వాను. తెల్లకొంగ వాళ్ళు పసిపిల్లలకి కన్నతల్లి పేరు మరిపిస్తారట, సొంత మనిషి చచ్చినా ముట్టుకోరట, గుంటలో తోసి చేతులు కడుక్కుంటారట. ఎన్ని అబద్ధాలు. మేం ముట్టుకోకపోవడానికి కారణం వీళ్ళు కాదూ. లియాన్ ఒక్కతే నవ్వలేదు. "అందరూ అలాంటివాళ్ళు కాదు పిన్నీ" అంది. హే పిన్ని నా వైపు ఒకసారి చూసి, నాలిక్కరుచుకుని, వేరే మాటెత్తింది.

ఏడో నెల, పదిహేను

ప్రేతాల పండగ. సాయంత్రం అందరూ నదిలో దీపాలు వదిలారు. పాంగ్ అల్లుడి కోసం ఒకటి వదిలాడు, పక్కనే ఇంకో రెండు. అవి ఎవరికని అడిగాను.

"వరద ఏడు పోయిన ఆలుమగలకి. కొండవాళ్ళు. వాళ్ళ పడవ తిరగబడితే నేను కొక్కెం అందించాను. ఆ మగమనిషి చూశాడు, నేనెవరో తెలుసుకున్నాడు, పట్టుకోలేదు. పెళ్ళాన్ని కూడా పట్టుకోనివ్వలేదు. పట్టుకో బాబూ, తర్వాత కడుక్కుందువుగాని అని ఎంత మొత్తుకున్నానో." ముసలివాడు చేత్తో నీళ్ళు కదిపి దీపాల్ని ముందుకి తోశాడు. "ఇన్నేళ్ళయినా ఆ మొహం పోదమ్మా."

వరద ఏడు ఎన్నో పడవలు మునిగాయి. ఎందరో ఆలుమగలు.

ఏడో నెల, ఇరవై

పాంగ్ చేతి కట్టు మార్చమని లియాన్ అడిగింది. తనకి నెత్తురు చూస్తే కడుపులో తిప్పుతోందట. శత్రువు గాయం చూసి ఉండడం మంచిదేనని ఒప్పుకున్నాను.

సన్నటి గాయం. మోచేతి పైన ఒక వైపు దిగి రెండో వైపు కొద్దిగా పైకి తేలింది. అంచులు శుభ్రంగా ఉన్నాయి. కొక్కెం అయితే కండ చీల్చుకుంటూ వస్తుంది. ఇలాంటి గాయం చేసే ఆయుధం నాకు తెలుసు. పదేళ్ళుగా పిల్లలకి నేర్పుతున్నాను.

చేపల ఈటె అయ్యుంటుంది.

ఏడో నెల, ఇరవై ఆరు

లియాన్ నా చెయ్యి పట్టుకుని హఠాత్తుగా తన కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. ఎంత గట్టిగా తన్నిందో.

"వీళ్ళ నాన్న వైపు నుంచి చెయ్యేసి దీవించే ఆడమనిషి ఎవరూ రాలేదు తావోక్కా. వస్తారో రారో తెలీదు. నీకేం అభ్యంతరం లేకపోతే ఒక్క నిమిషం ఉంచు."

తెరచాప దారం పొయ్యి దగ్గర పెట్టి మర్చిపోయానని చెప్పి లేచి వచ్చేశాను.

ఎనిమిదో నెల, రెండు

నేనింకా ఎందుకు ఆగుతున్నానో రాసుకోవాలి. వాడు ఒంటరిగా దొరకాలి. రోజూ పొద్దున్నే ఎదురు ఇసుకతిన్నె మీదకి వెళ్ళి, పోయినవాళ్ళకి చేరాలని కాగితాలు కాల్చి వస్తాడు. ఒంటరిగానే వెళ్తాడు. అయినా నీళ్ళు కాస్త తగ్గాలి.

ఎనిమిదో నెల, నాలుగు

నీళ్ళు తగ్గాయి. రేపు.

ఎనిమిదో నెల, అయిదు

రేపు.

ఎనిమిదో నెల, ఎనిమిది

పొద్దున వాడితో పాటు తిన్నెకి వెళ్ళాను. దీని మీదే రూయ్ పోయాడు. పాంగ్ కాగితాలు ఒక్కొక్కటే నిప్పులో వేస్తున్నాడు, ఒంటిచేత్తో. అల్లుడు ఎలా పోయాడని అడిగాను. ఎందుకడిగానో తెలీదు.

"మధ్యలోకి వచ్చాడు" అన్నాడు.

అంతే అన్నాడు. ఎవరి మధ్యలోకి అని అడగలేదు. అడగడానికి నాకేం సంబంధం. రూయ్ పోయి రెండు నెలలు కావస్తోంది. గురువుగారు ఎదురుచూస్తుంటారు. నేను ఇక్కడ చేప తిని, వీళ్ళ వేళాకోళాలకి నవ్వి, వీళ్ళ పిల్ల కడుపు మీద చెయ్యి వేస్తున్నాను. ఇంకో నాలుగు రోజులుంటే నేను రూయ్ అక్కనని కూడా మర్చిపోతాను. రేపు తప్పదు.

ఎనిమిదో నెల, తొమ్మిది

పని అయిపోయింది. నియమం తప్పలేదు. ఎదురుగా నిలబడ్డాను, పేరు చెప్పాను. వాడు కొక్కెం ఎత్తాడు. ఒక్క దెబ్బలో పోయాడు.

రెల్లు దుబ్బుల వెనకనుంచి కొండదారికి వచ్చేశాను. ఎవరూ చూడలేదు.

తమ్ముడూ, తీరిపోయింది.

ఎనిమిదో నెల, పది

కొక్కెం ఎత్తలేదు.

ఎత్తాడని నిన్న నేనే రాశాను. కొట్టెయ్యను. అలాగే ఉండనీ.

నేను కత్తి తీసి, "నేను బియాన్ సూషిన్‌ని. బియాన్ రూయ్‌కి అక్కని" అన్నాను. అప్పటిదాకా కొక్కెం మీద ఆనుకుని నిలబడ్డాడు. నా మాటకి వాడి మొహం విచ్చుకుంది. కత్తిని చూడనేలేదు. కొక్కెం ఇసుకలో పడుకోబెట్టి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించేముందు చేసినట్టు తడిచెయ్యి బట్టకి తుడుచుకున్నాడు.

"నువ్వా తల్లీ? వాళ్ళ అక్కవా? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

అప్పటికే నా చెయ్యి బయల్దేరింది. నేర్చుకున్న దెబ్బ, మధ్యలో ఆగదు. ఆగదనే పిల్లలకి చెప్తాను. ఆపగలిగేదాన్నేమో. తెలీదు. ఆపలేదు.

కింద పడ్డాక నా చొక్కా చివర పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. "అమ్మాయి నెలలు నిండుతున్న మనిషి. నెమ్మదిగా చెప్పు" అన్నాడు. చేతిలో గుడ్డ వదల్లేదు. పోయాక నేనే వేళ్ళు విప్పుకున్నాను.

నిన్నటినుంచీ కొండదారిలో సగంలో కూచున్నాను. కాళ్ళు పైకి వెళ్ళడం లేదు. నెమ్మదిగా చెప్పమన్నాడు. చెప్పడానికి నేను తప్ప ఎవరున్నారు.

ఎనిమిదో నెల, పన్నెండు

వెనక్కి వెళ్ళాను. నెమ్మదిగా చెప్పే పని లేకపోయింది. అప్పటికే ముసలాయన్ని తెచ్చి ఇంటి ముందు పడుకోబెట్టారు. మూట, కత్తి కింద పెట్టి, చంపింది నేనేనని, ఫలానావాడి అక్కనని చెప్పాను. మగవాళ్ళు కొక్కేలు తీశారు. హే పిన్ని నా మొహం మీద ఉమ్మింది. తుడుచుకోలేదు.

లియాన్ అడ్డం వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎవరూ ఈమెని ముట్టుకోవద్దు. ఈమె నా బిడ్డకి మేనత్త."

మగవాళ్ళు కొక్కేలు దించారు. నన్ను లోపలికి పిలిచి కూచోబెట్టింది. తను నిలబడే చెప్పింది. తనకీ రూయ్‌కీ పెళ్ళయి ఏడాది. నిరుడు పడవలో రేవు దాటుతూ పరిచయమట. గొడవ రోజు రూయ్ మనవాళ్ళతో పాటు వచ్చాడు, రానంటే అనుమానిస్తారని. కత్తులు లేచాక ముసలాయన ముందు చేతులు చాపి నిలబడ్డాడు, మనవాళ్ళకి ఎదురుగా కూడా కాదు, మామగారి వైపు తిరిగి, వద్దు మామా అని బతిమాలుతూ. వెనకనుంచి కత్తి వచ్చింది. మామగారి కోసం వచ్చిన కత్తి. వాడి ఒంట్లోంచి దూసుకుని ముసలాయన చేతిలో దిగింది.

"నువ్వే కట్టు మార్చావు కదా" అంది.

కత్తి పట్టినవాడి పేరు తనకి తెలీదు. ఎత్తుగా ఉంటాడు, గెడ్డంలో ఒక పాయ తెల్లగా ఉంటుంది. తీసిన కత్తిని అక్కడే పారేసి నీళ్ళలోకి పరిగెత్తాడట. పేరు నాకు తెలుసు. నాకు ఎప్పటినుంచి తెలుసు?

"ఒళ్ళు కడిగింది నేను. తల దువ్వింది నేను. మా నాన్న ఒంటిచేత్తో పడవ నడిపి మీ మెట్టు దాకా తెచ్చాడు. మా దగ్గరే నదిలో వదిలేద్దామన్నారు అందరూ. నాన్నే వద్దన్నాడు. పెంచిన అక్క ఉంది, ఆమె చూసుకోవాలి కదా అన్నాడు. నువ్వు చూశావా?"

మొహం చూశానన్నాను.

"గాయం?"

లేదన్నాను.

బయట ముసలాయన దగ్గర ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నాకెందుకు చెప్పలేదు వాడు, అని అడిగాను. అడిగే హక్కు నాకేముంది, అయినా అడిగాను.

"ప్రతి పండక్కీ చెప్తాననేవాడు. పండగ దాటాక వచ్చే పండగ అనేవాడు. మా నాన్నకి భయపడలేదు. మీ గురువుకి భయపడలేదు. నీకు భయపడ్డాడు."

తర్వాత గుమ్మం వైపు చూపించింది. "నిన్ను చంపే హక్కు నాదే. కానీ నీకు ఆయన పోలికలున్నాయి. నవ్వినప్పుడు మరీను. ఇన్నాళ్ళూ నీ మొహం చూస్తే ఎందుకు ఊరటగా ఉంటోందో అర్థం కాలేదు. నా చేత్తో కాదు. నెత్తురు బంధువుకే హక్కని మీ కొండ మీద అంటారట కదా. నా బిడ్డకి మా నాన్న తాత. పెరిగాక వస్తుంది. అప్పటిదాకా బతికుండు."

ఎనిమిదో నెల, పదిహేను

పున్నమి పండగ. మఠంలో నాకోసం విందు చేశారు. గురువుగారు తన చేత్తో సారా పోశారు. తాగలేదు. సభ ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. తమ్ముణ్ణి పొడిచినవాడి పేరు మాత్రం చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. లువో అన్నయ్య లేచి వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు.

"నేనే. ముసలాడికని వేశాను. వాడు అడ్డం వస్తాడని... నన్ను చంపు చెల్లెమ్మా."

ఈయనే వాడికి కత్తి నేర్పాడు. జ్వరమొస్తే నాతో పాటు కూచున్నాడు. మా ఇద్దరికీ ఇంకెవరున్నారు. చెప్పాల్సిన మాట చెప్పి ఉంటే ముసలాయన ఇవాళ బతికుండేవాడు. వెళ్ళకు అన్నావు, ఎందుకో చెప్పలేదు, అన్నాను. నోరు రాలేదన్నాడు.

"నా వంతు నేను చంపేశాను అన్నయ్యా. ఇంకొకళ్ళని చంపలేను."

అంతా సద్దుమణిగాక గురువుగారు తీర్పు చెప్పారు. ఆ పిల్లని రూయ్ మీద వలగా విసిరింది కొక్కెం వాళ్ళే. వల లేకపోతే వాడు అడ్డం రాడు, అడ్డం రాకపోతే చావడు. కాబట్టి చంపింది వాళ్ళే. లువో చెయ్యి నిమిత్తమాత్రం. వీరుల పేర్లు రాసే గోడ మీద రూయ్ పేరు కింద శత్రువు చేతిలో వీరమరణం అని రాసింది అలాగే ఉంటుంది. చుట్టూ అందరూ తలలూపారు. మొన్నటి సభలో వాళ్ళతో పాటు నేనూ ఊపాను.

మరి పుట్టబోయే బిడ్డ ఎవరి బిడ్డ అని అడిగాను. రూయ్ బిడ్డ కాదా?

"చేపకంపు అంటిన నెత్తురు" అన్నారు గురువుగారు. పక్కన ఎవరో నవ్వారు.

మఠం ఇచ్చిన కత్తి నేలమీద పెట్టి మెట్లు దిగాను. ఎవరూ ఆపలేదు. దేవదారు చెట్ల కింద రూయ్ పక్కన కూచుని వాడికి చెప్పాలనుకున్నవి ఏవీ చెప్పలేకపోయాను. క్షమించమని అడగడానికి కూడా భయమేసింది. వాడికి నా దగ్గర ఇలాగే ఉండేది కాబోలు.

ఎనిమిదో నెల, ఇరవై ఏడు

రేవుకి ఇవతలి ఒడ్డున పాత పడవల పాక ఖాళీగా ఉంది. ఉంటున్నాను. తెరచాపలు కుడుతున్నాను. కొక్కెం వాళ్ళు నాకు పనివ్వరు, కొండవాళ్ళు నాతో మాట్లాడరు. దారినపోయే వేరే పడవలవాళ్ళు ఇస్తారు. లువో అన్నయ్య కొండ దిగి ఎటో వెళ్ళిపోయాడని విన్నాను. ఎటని అడగలేదు.

తొమ్మిదో నెల, ఇరవై ఒకటి

ఎదురు ఒడ్డున టపాకాయలు కాల్చారు. కాసేపటికి హే పిన్ని పడవ మీద ఈ ఒడ్డు దగ్గరగా వచ్చింది. దిగలేదు. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం అని నీళ్ళకి చెప్తున్నట్టు చెప్పి, గెడ తిప్పుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదో నెల, ఇరవై రెండు

ఆడపిల్ల.

పదో నెల, ఇరవై ఒకటి

ఇవాళ నెల నిండిన వేడుక. పొద్దున్నే లియాన్ తనే పడవ నడుపుకుంటూ ఈ ఒడ్డుకి వచ్చింది. తెల్లబట్టల్లోనే ఉంది. బిడ్డని ఎర్రదుప్పట్లో చుట్టి గుండెకి కట్టుకుంది. మనిషి బాగా తగ్గిపోయింది. నేను పాక ముందు కూచుని కుడుతున్నాను. లేవాలో కూచోవాలో తెలియక లేచాను. ఇంత మంచు పొద్దులో ఎందుకు తెచ్చావు అనబోయి నోరు మూసుకున్నాను.

పడవలోంచి దిగకుండా దుప్పటి కాస్త జరిపి బిడ్డని నా వైపు తిప్పి పట్టుకుంది. రూయే. ఆ కనుబొమలు, విసుక్కుంటున్నట్టు ముడిపడ్డ ఆ నుదురు. కొండ ఎక్కేటప్పుడు దారంతా నా భుజం మీదనుంచి లోకాన్ని అలాగే చూశాడు. చేతులు వాటంతట అవే ముందుకు చాపాను. లియాన్ ఇవ్వలేదు. నేనూ దించలేకపోయాను.

పేరేమిటని అడగాలనుంది. అడగలేదు.

"బాగా చూసుకో" అని బిడ్డ చెవిలో చెప్పింది. నాకు వినపడాలనే చెప్పింది. "మీ తాతని చంపింది ఈవిడే. మర్చిపోకు."

నెల పిల్లకి ఏం తెలుస్తుంది. అయినా కళ్ళు విప్పి ఇటే చూస్తోంది. పాక నీడ నా మీద పడుతోంది. మొహం మీద వెలుతురు పడేలా రెండడుగులు ముందుకి జరిగి, పడవ తిరిగి వెళ్ళేదాకా అలాగే నిలబడ్డాను.